పాత అంబాసిడర్ ముందు అద్దం, దాని చుట్టూ ఉన్న రబ్బరు: వీటి వెనక ఎంత కథ ఉందో!

ముందుగా ఇది చూడండి. కెమెరాకి కాస్త దగ్గరగా పెడతాను. నల్లగా, వంకరగా, ఎండిపోయిన కాకరకాయ ముక్కలా ఉంది కదా? ఇది రబ్బరు. అంటే, ఒకప్పుడు రబ్బరు. ఇప్పుడు వంచితే... ఇదిగో, విన్నారా చప్పుడు? బిస్కెట్‌లా విరిగిపోయింది. వేళ్లకి మసి కూడా అంటుకుంది.

ఇది మా పెద్దనాన్న గారి అంబాసిడర్ ముందు అద్దం చుట్టూ ఉన్న బీడింగ్. కారు 1984 మోడల్, మార్క్ ఫోర్. కాకినాడలో చాలా ఏళ్లు టాక్సీగా తిప్పారు. ఇప్పుడు తిప్పట్లేదు, కానీ అమ్మమంటే మాత్రం ఊరుకోరు. పోయిన వర్షాకాలం అంతా డ్రైవర్ కాళ్ల దగ్గర నీళ్లు నిలిచాయి. దసరా వెళ్లాక అద్దం, బీడింగ్ రెండూ మార్పించాం. నేను పక్కనే నిలబడి ఫోన్‌తో షూట్ చేశా. ఇంటికొచ్చి ఎడిట్ చేస్తుంటే ఒక డౌట్ వచ్చింది. ఒక గాజు పలక, దాని చుట్టూ ఒక రబ్బరు తాడు. ఈ రెండూ ఇక్కడికి ఎలా వచ్చాయి? వెతకడం మొదలుపెట్టా. మూడు రోజుల్లో పారిస్, అమెరికా కోర్టు, మలయా రబ్బరు తోటలు, రెండో ప్రపంచ యుద్ధం, అన్నీ తిరిగొచ్చా. అదే ఈ రోజు ఎపిసోడ్.

మొదట్లో కార్లకి ముందు అద్దమే లేదు. గుర్రబ్బండికి లేదు, దానికీ లేదు. స్పీడు తక్కువ కాబట్టి నడిచిపోయింది. స్పీడు పెరిగాక కళ్లలో దుమ్ము, పురుగులు. డ్రైవర్లు పెద్ద పెద్ద కళ్లజోళ్లు పెట్టుకునేవారు. పాత ఫోటోల్లో పైలట్లలా కనిపిస్తారే, స్టైల్ కోసం కాదు అది. తర్వాత ఇత్తడి ఫ్రేములోనో చెక్క ఫ్రేములోనో ఒక బల్లపరుపు గాజు పలక నిలబెట్టారు. వద్దనుకుంటే ముందుకి మడిచేయొచ్చు. వాన పడితే తుడవడానికి 1903లో అమెరికాలో మేరీ ఆండర్సన్ అనే ఆవిడ చేత్తో తిప్పే వైపర్‌కి పేటెంట్ తీసుకుంది. ఆ పేటెంట్ మీద ఆవిడకి పైసా రాలేదు. అది వేరే ఎపిసోడ్ చేయాల్సినంత కథ, ఇప్పుడు వదిలేద్దాం.

అసలు సమస్య ఎక్కడంటే, ఆ గాజు మన ఇంటి కిటికీ గాజే. పగిలితే కత్తుల్లాంటి ముక్కలు. కారు దేన్నయినా గుద్దితే మనిషి ముందుకి పడతాడు, పడేది ఆ గాజు మీదే. గుద్దుకోవడం వల్ల తగిలిన దెబ్బ కన్నా గాజు కోసిన కోతే ప్రమాదం.

ఇక్కడ ఎడ్వార్ బెనెడిక్టస్ అనే ఫ్రెంచ్ ఆయన సీన్‌లోకి వస్తాడు. ఒకవైపు కెమిస్ట్, ఇంకోవైపు డిజైన్లు గీసే ఆర్టిస్ట్. 1903లో ల్యాబ్‌లో అల్మరా మీద నుంచి ఒక గాజు ఫ్లాస్కు కింద పడింది. పగిలింది, కానీ ముక్కలు చెదరలేదు. ఆకారం అలాగే నిలబడి ఉంది. ఏంటా అని చూస్తే, అందులో ఎప్పుడో పోసిన సెల్యులోజ్ నైట్రేట్ ద్రవం ఆవిరైపోయి, లోపలి గోడకి పల్చటి పొరలా అంటుకుపోయి ఉంది. గాజు పగిలినా ఆ పొర ముక్కల్ని పట్టుకుంది. రెండు గాజు పలకల మధ్య అలాంటి పొర పెట్టి 1909లో పేటెంట్ తీసుకున్నాడు. మూడు పొరలు కాబట్టి పేరు ట్రిప్లెక్స్.

మరి కార్ల కంపెనీలు ఎగబడి కొన్నాయా? లేదు. ఖరీదు ఎక్కువ. ముందుగా వాడింది యుద్ధంలో. మొదటి ప్రపంచ యుద్ధంలో గ్యాస్ మాస్కుల కళ్ల అద్దాలకి ఈ గాజు వాడారు. యుద్ధం అయ్యాకే కార్ల వైపు నిజంగా తిరిగింది. నాకైతే ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. ప్రాణం కాపాడే ఫీచర్ ఏదైనా మొదట ఖరీదైన ఆప్షన్‌గానే వస్తుంది, ఎయిర్‌బ్యాగుల కథ మనమే చూశాం కదా.

మామూలు జనం కొనే కారులో దీన్ని స్టాండర్డ్‌గా ఇచ్చింది ఫోర్డ్, మోడల్ ఏ కారులో. 1927 చివర్లో వచ్చిన కారు అది. అమ్మేటప్పుడు కేటలాగులో, ఈ అద్దం ఎంత గట్టి దెబ్బ తగిలినా చెదరదు, ముక్కలు ఎగరవు అన్న అర్థం వచ్చేలా రాశారు. ఇక్కడి నుంచి జాగ్రత్తగా వినండి.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో బాక్స్టర్ అనే ఆయన 1930లో ఆ కారు కొన్నాడు. అదే ఏడాది అక్టోబర్‌లో ఒక కొండ దారిలో వెళ్తుంటే, ఎదురుగా పోతున్న కారు చక్రం కింద నుంచి ఒక గులకరాయి ఎగిరొచ్చి అద్దానికి తగిలింది. గాజు ముక్కలు ఎడమ కంట్లో పడ్డాయి. ఆ కన్ను పోయింది. ఆయన కోర్టుకి వెళ్లాడు. నువ్వు కారు కొన్నది డీలర్ దగ్గర, ఫోర్డ్‌తో నీకు ఒప్పందమే లేదు కదా అన్నది అప్పటి చట్టం లెక్క. కింది కోర్టు ఫోర్డ్ వైపే చెప్పింది. కానీ 1932లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు అది తిప్పేసింది. అద్దం చెదురుతుందో లేదో మామూలు మనిషి చూసి చెప్పలేడు, కంపెనీ రాసిన మాట నమ్మే కొంటాడు, ఆ మాట అబద్ధమైతే కంపెనీయే జవాబు చెప్పాలి అంది. కేసు మళ్లీ విచారించమంది. డీలర్ వెనక దాక్కోకుండా తయారీదారుణ్ణి నేరుగా అడగొచ్చు అనే ఆలోచనకి గట్టి పునాదుల్లో ఇదొకటి. అమెరికాలో లా చదివేవాళ్లు ఇప్పటికీ ఈ కేసు చదువుతారు. ఒక గులకరాయి, ఒక కన్ను.

ఆ తొలి ట్రిప్లెక్స్ గాజుకి ఇంకో జబ్బు ఉండేది. మధ్యలో ఉన్న సెల్యులోజ్ పొర ఎండకి పసుపెక్కేది, పెళుసెక్కేది. పాత సెలోఫేన్ టేపు ఎలా అవుతుందో అలా. 1930ల చివర్లో పీవీబీ అనే ప్లాస్టిక్ పొర వచ్చాక ఆ బాధ తీరింది. ఇప్పుడు మీ కారు ముందు అద్దంలో ఉన్నది అదే పొర.

అయితే గాజుని భద్రం చేయడానికి ఇంకో దారి కూడా ఉంది. దాన్నే టఫెండ్ అంటాం. గాజుని 600 డిగ్రీలు దాటించి వేడి చేసి, రెండు వైపులా ఒక్కసారిగా చల్లగాలి కొడతారు. పైపొర ముందు గట్టిపడుతుంది, లోపలి భాగం తర్వాత చల్లబడి కుంచించుకుపోతూ పైపొరని లోపలికి లాగుతుంది. అంటే గాజు ఎప్పుడూ బిగబట్టి ఉంటుంది. దెబ్బకి తట్టుకుంటుంది. కానీ పగిలిందంటే మొత్తం ఒకేసారి, పటికబెల్లం పలుకుల్లా. కోసుకుపోదు, సరే. కానీ పగిలిన క్షణంలో అద్దం అంతా తెల్లగా అయిపోతుంది. ఎదురుగా ఏముందో కనపడదు. చౌక కాబట్టి చాలా దేశాల్లో ముందు అద్దానికీ ఇదే వాడారు. మన దగ్గరా చాలా పాత కార్లకి ఇదే.

పెద్దనాన్నకి ఇది పుస్తకంలో చదివిన విషయం కాదు. 1991లో తుని దగ్గర, అప్పటి ఎన్‌హెచ్ 5 మీద, ముందు వెళ్తున్న లారీ టైరు కింద నుంచి రాయి ఎగిరింది. "ఢమాల్ అనలేదురా, చప్‌మని అంది. అంతే, ముందు తెల్ల దుప్పటి కప్పినట్టైపోయింది" అని చెప్తారు. బండిలో నలుగురు ప్యాసింజర్లు. ఆయన కుడిచేతి పిడికిలితో అద్దానికి బొక్క కొట్టి, ఆ బొక్కలోంచి చూసుకుంటూ బండిని పక్కకి తీశారు. ఆ తరం డ్రైవర్లకి ఇదొక తెలిసిన విద్య. చేతి వేళ్ల కణుపుల మీద చిన్న తెల్ల మచ్చలు ఇంకా ఉన్నాయి. షూట్‌లో చూపించమంటే, అవన్నీ ఎందుకురా అని చెయ్యి వెనక్కి పెట్టేసుకున్నారు.

మన దేశంలో కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989లో వచ్చాయి. అందులో నూరో నియమం ఏమంటుందంటే, అవి అమల్లోకి వచ్చిన మూడేళ్ల తర్వాత తయారయ్యే వాహనాలకి ముందు అద్దం లామినేటెడ్ గాజే ఉండాలి. టూ వీలర్లు, ట్రాక్టర్లకి మినహాయింపు. అంటే 1992 దాటాక తయారైన కారులో ముందు అద్దం రాయి తగిలితే సాలెగూడులా చిట్లుతుందే తప్ప తెల్లబడి రాలిపోదు. పెద్దనాన్న కారు అంతకన్నా పాతది. 1991లో పగిలినప్పుడు వేయించిన కొత్త అద్దం కూడా టఫెండే. అన్నట్టు బ్లాక్ ఫిలిం బ్యాచ్ ఎవరైనా చూస్తుంటే, ఇదే నూరో నియమంలో ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు పోవాలని ఉంది. 2012లో సుప్రీంకోర్టు ఫిలిం అతికించడం వద్దే వద్దంది కూడా దీని ఆధారంగానే. ఊరికే చెప్పా.

సరే, గాజు సంగతి అయింది. ఇప్పుడు రబ్బరు.

రబ్బరు ఎందుకు కావాలి? కారు బాడీ రేకు. గుంతలో పడితే మెలితిరుగుతుంది, ఎండకి సాగుతుంది. గాజు మెలితిరగదు. రెండింటినీ నేరుగా బిగిస్తే గాజు చిట్లుతుంది. మధ్యలో మెత్తగా ఒకటి ఉండాలి, అదే నీళ్లని కూడా ఆపాలి. అడ్డంగా కోసి చూస్తే ఈ బీడింగ్ ఇంగ్లిష్ అక్షరం హెచ్‌లా ఉంటుంది. ఒకవైపు గాడిలో గాజు అంచు, రెండో వైపు గాడిలో బాడీ రేకు అంచు. బోల్టు లేదు, గమ్ము లేదు. కేవలం రబ్బరు పట్టు.

గాజు బల్లపరుపుగా ఉన్నన్నాళ్లూ ముందు అద్దాన్ని వెడల్పు చేయాలంటే రెండు ముక్కలు పెట్టి మధ్యలో ఒక కడ్డీ నిలబెట్టేవారు. పాత మోరిస్ మైనర్ ముఖం గుర్తుందా? 1956లోనే దానికి ఒకే వంపు అద్దం వచ్చింది. అమెరికాలో క్రైస్లర్ 1934లోనే ఒక ఖరీదైన ఇంపీరియల్ మోడల్‌కి ఒకే వంపు అద్దం పెట్టింది. మన అంబాసిడర్ అసలు రూపం ఇంగ్లాండ్‌లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ. అది పుట్టిన నాటికి వంపు అద్దం మామూలైపోతోంది. కోల్‌కతా పక్కన ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర నుంచి 2014 మే దాకా దాన్ని తయారు చేస్తూనే ఉంది. ముందు గ్రిల్లు మారింది, ఇంజన్ మారింది, ఆ పాత బాడీ మాత్రం పెద్దగా మారలేదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో అంటే, యాభై ఏళ్లు ప్రొడక్షన్‌లో నడిచిన లెగసీ కోడ్. ఎవడూ ముట్టుకోడు, ఎందుకంటే పనిచేస్తోంది. [నవ్వు]

ఇప్పుడు అసలు రబ్బరు పాలు ఎక్కడివి? చెట్టుది. బ్రెజిల్ అడవి చెట్టు. ముడి రబ్బరు ఎండకి జిగురవుతుంది, చలికి రాయవుతుంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి వేడి చేస్తే ఆ రెండు జబ్బులూ పోతాయని కనిపెట్టాడు. లోపల పొడుగాటి దారాల్లాంటి అణువులుంటాయి, గంధకం వాటి మధ్య అక్కడక్కడా ముడివేస్తుంది, సాగితే మళ్లీ వెనక్కి వస్తాయి. ఈ మనిషి అప్పులకి జైలుకి కూడా వెళ్లాడు. 1860లో చనిపోయేనాటికి రెండు లక్షల డాలర్ల అప్పు. టైర్ల కంపెనీ ఆయనది కాదు, ఆయన పోయాక దాదాపు నలభై ఏళ్లకి వేరేవాళ్లు ఆయన పేరు పెట్టుకున్నారు.

1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఇంగ్లిష్ ఆయన బ్రెజిల్ నుంచి 70 వేల రబ్బరు గింజలు ఓడలో లండన్ క్యూ గార్డెన్స్‌కి పట్టుకొచ్చాడు. వందకి నాలుగు కూడా మొలకెత్తలేదు. మొలకెత్తినవి సిలోన్‌కి, అక్కడి నుంచి మలయాకి. ఆసియాలో లక్షల ఎకరాల రబ్బరు తోటలకి మూలం ఆ కాసిని మొక్కలే. అవి పెరిగే లోపు, సైకిల్ టైర్లకి రబ్బరు గిరాకీ పెరిగిన ఆ రోజుల్లో, ఆఫ్రికాలో కాంగోని బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ తన సొంత ఆస్తిలా పెట్టుకుని, చెప్పినంత రబ్బరు తేని ఊళ్ల మీద సైనికుల్ని తోలాడు. చేతులు నరికించిన ఫోటోలు ఉన్నాయి. స్క్రీన్ మీద పెట్టట్లేదు. 1908 దాకా నడిచింది అది.

ఇక మలయా. ఇక్కడ మన వాళ్లున్నారు.

మనవైపు "రంగం వెళ్లాడు" అనే మాట పెద్దవాళ్ల నోట వినే ఉంటారు, రంగం అంటే రంగూన్. కాకినాడ, కోరంగి రేవుల నుంచి బర్మా వెళ్లిన వాళ్ల కథ చాలామందికి తెలుసు. మలయా కథ అంతగా తెలీదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కార్లు పెరిగి రబ్బరు ధర ఆకాశానికి ఎక్కితే, బ్రిటిష్ కంపెనీలు మలయాలో అడవులు కొట్టి తోటలు వేశాయి. పాలు గీయడానికి మనుషులు కావాలి. మద్రాసు రాష్ట్రం నుంచి తీసుకెళ్లారు. ఎక్కువమంది తమిళులు. వాళ్లతోపాటు అప్పటి విశాఖపట్నం, గంజాం జిల్లాల వైపు నుంచి తెలుగువాళ్లు. కంగాణీ అనేవాడు, అంటే అప్పటికే తోటలో పనిచేస్తున్న మేస్త్రీ, సొంత ఊరికొచ్చి చుట్టాల్ని, కులపోళ్లని, పక్కింటోళ్లని పోగుచేసుకుని పోయేవాడు. దారి ఖర్చు, అడ్వాన్సు అన్నీ అప్పు కింద రాసేవాడు. నాగపట్నంలోనో, మద్రాసు దగ్గర ఆవడిలోనో డిపోలో ఉంచి ఓడ ఎక్కించేవారు.

పని తెల్లవారుజామున మొదలు. చల్లగా ఉన్నప్పుడే పాలు బాగా కారతాయి, ఎండ ఎక్కితే గాటు దగ్గర గడ్డకట్టేస్తాయి. అందుకే చీకట్లో తోటలోకి దిగాలి. బెరడుని ఏటవాలుగా పల్చగా గీసి కింద చిప్ప పెట్టాలి. లోతుగా గీస్తే చెట్టు పాడవుతుంది, తేలిగ్గా గీస్తే పాలు రావు. వందల చెట్లు, రోజూ. తర్వాత తిరిగి వెళ్లి చిప్పల్లో పాలు పోగుచేసి, యాసిడ్ కలిపి పేరబెట్టి, షీట్లుగా నొక్కి, పొగలో ఆరబెట్టాలి. ఉండేది వరస ఇళ్లలో, ఇల్లంటే ఒక గది. కొత్తగా అడవి కొట్టిన తోటల్లో మలేరియాకి జనం పిట్టల్లా రాలిపోయారు. 1938లో భారత ప్రభుత్వం మలయాకి కూలీల్ని పంపడం ఆపేసింది. కానీ అప్పటికి అక్కడ ఉన్నవాళ్లు అక్కడే ఉన్నారు.

1941 డిసెంబర్‌లో జపాన్ మలయా మీదకి దిగింది, 1942 ఫిబ్రవరికి సింగపూర్ కూడా పడిపోయింది. రబ్బరు కొనేవాడు లేడు, తోటలు మూతపడ్డాయి, తిండి లేదు. అప్పుడు జపాన్ సైన్యం థాయిలాండ్ నుంచి బర్మాకి 415 కిలోమీటర్ల రైల్వే లైను వేయడానికి తోటల కూలీల్ని పట్టుకుపోయింది. కొందరికి మంచి జీతం అని ఆశపెట్టారు, కొందరిని లారీ ఎక్కించేశారు. ఆ లైను మీద సినిమాలు తీశారు, అందులో కనపడేది బ్రిటిష్ సైనిక ఖైదీలు. కలరాకి, ఆకలికి చచ్చిపోయిన ఆసియా కూలీలు 90 వేల దాకా ఉంటారని అంచనా, ఖైదీల కన్నా ఎన్నో రెట్లు. వాళ్లలో తోటల నుంచి వెళ్లిన దక్షిణాది వాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఖైదీలకి పేర్లతో సమాధులున్నాయి. వీళ్లలో ఎక్కువమందికి పేరు రాసిన రాయి కూడా లేదు. బతికి మిగిలిన తెలుగు కుటుంబాలు అక్కడే స్థిరపడి 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నాయి. ఇప్పటి మలేషియా తెలుగు సంఘం అదే.

రాసుకునేటప్పుడు ఇక్కడ కొంచెం ఆగిపోయా. కారు బీడింగ్ గురించి మొదలుపెట్టి ఎక్కడికొచ్చాను అనిపించింది. కానీ ఇది పక్కదారి కాదు. ఇప్పుడు మేం కొన్న కొత్త బీడింగ్ చెట్టు రబ్బరు ఎందుకు కాదో తెలియాలంటే ఆ 1942 దగ్గరికే వెళ్లాలి.

మలయా, ఆ చుట్టుపక్కల దేశాలు పోవడంతో అమెరికాకి వచ్చే సహజ రబ్బరులో దాదాపు 90 శాతం ఆగిపోయింది. టైర్లు అరిగిపోకుండా దేశం మొత్తం స్పీడ్ లిమిట్ గంటకి 35 మైళ్లు పెట్టారు, అంటే 56 కిలోమీటర్లు. పెట్రోలు రేషన్ పెట్టిన అసలు కారణం కూడా పెట్రోలు కొరత కన్నా రబ్బరు కొరతే. పెట్రోలియం నుంచి కృత్రిమ రబ్బరు చేయడానికి ప్రభుత్వం, కంపెనీలు కలిసి దిగి, 1945 నాటికి ఏడాదికి 7 లక్షల టన్నులకి పైగా తీశాయి. అది టైర్లకి పనికొచ్చింది. బీడింగ్‌కి మాత్రం ఒక సమస్య అలాగే ఉండిపోయింది.

ఇందాక విరిచిన ముక్క గుర్తుందా? దీన్ని చంపింది వయసు ఒక్కటే కాదు, ఓజోన్. పైన ఎక్కడో ఉండే పొర కాదు, మన రోడ్డు మీద పొగ, ఎండ కలిసి పుట్టించే ఓజోన్. సహజ రబ్బరు అణువులో వరసగా డబుల్ బాండ్లు ఉంటాయి. ఆ యుద్ధకాలపు కృత్రిమ రబ్బరులోనూ ఉంటాయి. ఓజోన్ సరిగ్గా ఆ డబుల్ బాండ్ దగ్గరే పట్టుకుని గొలుసుని తెంపుతుంది. అదీ రబ్బరు లాగిపెట్టి ఉన్న చోటే పగులు మొదలవుతుంది. ఇంటర్‌లో ఓజోనాలిసిస్ బట్టీ పట్టాం కదా, ఇదే అది. నాకు అప్పుడు ఎవరూ కారు చూపించలేదు. పాత కారు దొరికితే బీడింగ్ చూడండి, ముందు పగిలేది మూలల దగ్గర. అక్కడే వంపు తిరిగి బయటి వైపు సాగి ఉంటుంది కాబట్టి.

1960ల్లో ఈపీడీఎం అనే రబ్బరు మార్కెట్లోకి వచ్చింది. దీని వెన్నెముకలో డబుల్ బాండ్లు లేవు. గంధకంతో ముడి వేయడానికి కావలసిన కొన్ని డబుల్ బాండ్లని పక్కకి కొమ్మల్లా వేలాడదీశారు. ఓజోన్ వచ్చి కొమ్మని తెంపినా వెన్నెముక నిలబడుతుంది. దీని వెనక ఉన్న ఉత్ప్రేరకాల పనికే జీగ్లర్‌కి, నట్టాకి 1963లో నోబెల్ ఇచ్చారు. ఇప్పుడు కార్ల డోర్ బీడింగ్‌లు, అద్దాల బీడింగ్‌లు ఎక్కువగా ఇదే. మేం తెచ్చింది కూడా ఇదే.

ఇక షెడ్డులోకి రండి. ఫిట్టర్ బాబాయ్ వయసు అరవై దాటింది. ముందుగా బీడింగ్ పై పెదవిని ముట్టుకుని వాసన చూశారు. "వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ పెట్టారు ఎవరో" అన్నారు. నిజమే. రెండేళ్ల కిందట నీళ్లు కారుతున్నాయని వేరే ఒక చోటికి తీసుకెళ్తే, బీడింగ్ మార్చకుండా చుట్టూ సిలికాన్ పూసి పంపేశారు. నెల రోజులు కారలేదు. ఆ రకం సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ యాసిడ్ వదులుతుంది, అది రేకుని తింటుంది. పైగా లోపలికి చేరిన నీళ్లకి బయటికి దారి మూసుకుపోయింది. బ్లేడుతో పాత బీడింగ్ కోసి, లోపలి నుంచి ఇద్దరు అరచేతులతో మెల్లగా నెట్టి అద్దం బయటికి తీశాక చూస్తే, కింది అంచు రేకు అప్పడంలా ఉంది. స్క్రూడ్రైవర్ పెడితే దిగిపోయింది. పెద్దనాన్న ఏం మాట్లాడలేదు. టీ తాగొస్తానని బయటికి వెళ్లిపోయారు.

అక్కడ కొత్త రేకు కోసి వెల్డింగ్ చేసి, తుప్పు గీకి, ప్రైమర్ కొట్టి, పెయింట్ ఆరడానికి రెండు రోజులు పట్టింది. తొందరపడితే మళ్లీ అదే కథ అని బాబాయ్ గట్టిగా చెప్పారు.

మూడో రోజు అసలు పని. కొత్త లామినేటెడ్ అద్దాన్ని దుప్పటి మీద పెట్టి, ముందు అద్దానికే బీడింగ్ తొడిగారు. తర్వాత రేకు అంచు దూరాల్సిన గాడిలో చుట్టూ సన్నటి నైలాన్ తాడు పెట్టి, రెండు కొసలూ కింద మధ్యలో ఒకదాని మీద ఒకటి వచ్చేలా వదిలారు. గాడికి, రేకుకి సబ్బు నీళ్లు. ఒకరు బయట అద్దాన్ని పట్టుకుని ఆనించారు. బాబాయ్ లోపల కూర్చుని తాడు కొస పట్టుకుని కొద్దికొద్దిగా లాగుతుంటే, తాడు బయటికి వస్తూ రబ్బరు పెదవిని ఎత్తి రేకు మీదకి ఎక్కించేస్తోంది. బయట ఉన్నవాళ్లు సరిగ్గా అదే చోట అరచేత్తో తట్టాలి. ముందుకీ కాదు, వెనక్కీ కాదు. నా ఇన్నేళ్ల కోడింగ్‌లో ఇంత నీట్‌గా లూప్ తిరగడం చూడలేదు. పై ఎడమ మూల దగ్గర పెదవి మడతపడింది. బాబాయ్ తాడు లాగడం ఆపి, చెక్క పుల్లతో మెల్లగా సరిచేశారు. ఇనుము వాడితే కొత్త గాజు అంచు చిట్లుతుందట. లామినేటెడ్ అద్దానికి ప్రాణం అంచుల్లోనే అన్నారు.

కొత్త కార్లలో ఇలా ఉండదు. పాలీయురిథేన్ జిగురుతో అద్దాన్ని బాడీకే అతికించేస్తారు. అక్కడ అద్దం బాడీ బలంలో భాగం. ప్యాసింజర్ వైపు ఎయిర్‌బ్యాగ్ విచ్చుకున్నప్పుడు ఆనుకునేది కూడా ఆ అద్దానికే. అందుకే మీ కారు అద్దం మార్పిస్తే, జిగురు ఆరేదాకా బండి తియ్యొద్దంటే నిజంగా తియ్యకండి. మా అంబాసిడర్‌లో ఎయిర్‌బ్యాగ్ లేదు, మాకు సబ్బు నీళ్లు ఆరితే చాలు.

తర్వాత పైపుతో నీళ్లు కొట్టి చూశారు. నేను లోపల కూర్చుని టార్చ్ వేసి చూస్తున్నా. పది నిమిషాలకి కుడివైపు కింది మూలలో ఒక్క చుక్క. బాబాయ్ ఆ పెదవి ఎత్తి, గట్టిపడని రకం మాస్టిక్ సన్న నాజిల్‌తో లోపలికి పెట్టి, మళ్లీ నీళ్లు కొట్టించారు. ఈసారి రాలేదు. మళ్లీ కొట్టించారు. రాలేదు.

పెద్దనాన్న స్టీరింగ్ ముందు కూర్చుని కాసేపు బయటికి చూశారు. ముప్పై ఏళ్లు వైపర్ గీసిన గీతలు ఉండేవి పాత అద్దం మీద, రాత్రి ఎదురు లైటు పడితే ఇంద్రధనుస్సులు కనపడేవి. ఇప్పుడు అవేం లేవు. "అద్దం ఉన్నట్టే లేదురా" అన్నారు. పాత టఫెండ్ అద్దాన్ని షెడ్డులో వదిలేద్దామంటే ఒప్పుకోలేదు, దుప్పటి చుట్టి అటక మీద పెట్టించారు. ఎందుకని అడిగితే, ఊరికే అన్నారు.

డోర్ల బీడింగ్ ఇంకా మార్చలేదు. అది అయ్యాక మళ్లీ కలుద్దాం. ఉంటా మరి.